పియానో శ్రుతి ఎందుకు తప్పుతుంది? హైదరాబాద్‌లో ఒకలా.. విశాఖలో మరోలా.. ఈ తేడా తెలిస్తే సగం సమస్య తీరినట్టే!

నెల క్రితమే ట్యూనింగ్ చేయించారు. అప్పుడు బాగానే మోగింది. ఇప్పుడు మాత్రం మధ్య స్వరాలు వాయిస్తుంటే ఏదో తేడా కొడుతోంది. వెంటనే వచ్చే అనుమానం.. ట్యూనర్ సరిగ్గా చేయలేదా? లేక పియానోనే పాడైపోయిందా? చాలాసార్లు ఈ రెండూ కారణం కాదు. ఆ నెల రోజుల్లో వానలు మొదలై ఉంటాయి. అంతే!

పియానోలో ఎక్కువ భాగం చెక్కే. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండ కాలంలో వదిలేస్తుంది. వర్షాకాలంలో తలుపులు బిగుసుకుపోయి మూసుకోకపోవడం మన ఇళ్లలో అందరూ చూసిందే. సరిగ్గా అదే పని పియానో లోపల కూడా జరుగుతుంది. కాకపోతే అక్కడ బిగుసుకునేది తలుపు కాదు, స్వరం.

లక్షలు పెట్టి కొన్న వాయిద్యం, దాని మీద రోజూ సాధన చేసే పిల్లల చెవి.. రెండూ ఈ తేమ మీదే ఆధారపడి ఉన్నాయి. మరి తెలుగు రాష్ట్రాల వాతావరణంలో పియానోకి ఏమవుతుంది? ఎప్పుడు ట్యూనింగ్ చేయించాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

* పియానోకి అసలు శత్రువు తేమ ఒక్కటే కాదు.. తేమలో వచ్చే హెచ్చుతగ్గులు.
* తేమ పెరిగితే శ్రుతి పెరుగుతుంది. తగ్గితే శ్రుతి దిగుతుంది.
* గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది.
* తొలకరి పడగానే ట్యూనింగ్ చేయిస్తే డబ్బు వృథా అయ్యే అవకాశం ఎక్కువ.
* ఎయిర్ కూలర్ గాలి తగిలే చోట పియానో అస్సలు ఉండకూడదు.

అసలు పియానో లోపల ఏముంది?

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1700 ప్రాంతంలో బార్టొలొమియో క్రిస్టొఫోరి అనే వాయిద్యాల తయారీదారు పియానోను రూపొందించాడు. నేటి పియానోలో 88 కీస్ ఉంటాయి. వాటికి సుమారు 230 తీగలు. కింది స్థాయి స్వరాలకు ఒకటి లేదా రెండు తీగలు, మధ్య, పై స్థాయి స్వరాలకు మూడేసి తీగలు ఉంటాయి. ఈ తీగలన్నీ కలిపి లాగే బలం దాదాపు 18 నుంచి 20 టన్నులు! అంత బలాన్ని తట్టుకోవడానికే లోపల పోత ఇనుప ఫ్రేమ్ బిగిస్తారు.

ఇనుముకి తేమతో పెద్దగా పని లేదు. సమస్యంతా సౌండ్‌బోర్డ్‌తోనే. ఇది స్ప్రూస్ అనే మెత్తటి కలపతో చేసిన పల్చటి పలక. మందం సుమారు ఒక సెంటీమీటర్ లోపే ఉంటుంది. తీగ కంపనాన్ని గదంతా వినిపించేలా పెద్దది చేసేది ఇదే. ఈ పలక బల్లపరుపుగా ఉండదు, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని మీద బ్రిడ్జ్ అనే చెక్క దిమ్మె, దాని మీదుగా తీగలు.

తేమ పెరిగితే ఏం జరుగుతుంది?

చెక్క పొడవునా దాదాపు మారదు. కానీ దాని పోగులకు అడ్డంగా, అంటే వెడల్పు వైపు, ఉబ్బుతుంది. సౌండ్‌బోర్డ్ అంచులు ఫ్రేమ్‌కి గట్టిగా అతికించి ఉంటాయి కాబట్టి పక్కకి జరగడానికి దారి లేదు. ఇక మిగిలింది ఒకే దారి.. పైకి ఉబ్బడం! పలక ఉబ్బితే బ్రిడ్జ్ పైకి లేస్తుంది. బ్రిడ్జ్ లేస్తే తీగ మరింత బిగుస్తుంది. తీగ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది.

గాలి పొడిగా మారితే ఇదంతా తిరగబడుతుంది. పలక కుంచించుకుపోతుంది, బ్రిడ్జ్ దిగుతుంది, తీగ వదులవుతుంది, శ్రుతి పడిపోతుంది.

ఎంత తేడా వస్తుంది? గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్క తన బరువులో సుమారు 6 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. అదే 80 శాతం తేమలో కొన్ని వారాలు ఉంటే ఆ నీరు 16 శాతం దాకా చేరుతుంది. అంటే రెండున్నర రెట్లు!

అన్ని స్వరాలూ ఒకే లెక్కన పెరిగితే పెద్దగా తెలియకపోవచ్చు. కానీ అలా జరగదు. సౌండ్‌బోర్డ్ మధ్య భాగం ఎక్కువ ఉబ్బుతుంది, అంచులు తక్కువ. అందుకే మధ్య స్థాయి స్వరాలు ఎక్కువగా కదులుతాయి. కింది, పై స్థాయి స్వరాలు అంతగా కదలవు. ఫలితం.. పియానో తనతో తానే శ్రుతి కలవకుండా పోతుంది.

ప్రపంచవ్యాప్తంగా ట్యూనింగ్‌కి ప్రామాణికం 440 హెర్ట్జ్. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీన్ని సిఫార్సు చేసింది. మధ్య ‘ఎ’ స్వరం సెకనుకు 440 సార్లు కంపించాలన్నమాట. అది 444కి వెళ్తే చెవికి చిన్న తేడానే. కానీ కింది స్థాయిలో అదే స్వరం మాత్రం పాత చోటే ఉండిపోతే? రెండూ కలిపి వాయించినప్పుడు ‘వావ్.. వావ్’ అంటూ స్వరం ఊగుతున్నట్టు వినిపిస్తుంది. మీ పియానోలో అలా వినిపిస్తుంటే అది తేమ పనే కావచ్చు.

విదేశీ పుస్తకాల్లో ఉన్నది తెలంగాణలో రివర్స్!

యూరప్, అమెరికాలో రాసిన పుస్తకాలు చదివితే ‘వేసవిలో శ్రుతి పెరుగుతుంది, చలికాలంలో దిగుతుంది’ అని ఉంటుంది. అక్కడ అది నిజమే. చలికాలంలో ఇళ్లలో హీటర్లు వేస్తారు కాబట్టి గదిలో గాలి బాగా పొడిబారుతుంది. వేసవిలో తేమ పెరుగుతుంది.

తెలంగాణ, రాయలసీమలో అలా కాదు. ఇక్కడ ఏడాది మొత్తంలో గాలి బాగా పొడిగా ఉండేది మార్చి నుంచి మే దాకా. అంటే మన వేసవిలో శ్రుతి దిగుతుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక పెరుగుతుంది. విదేశీ క్యాలెండర్ చూసి ట్యూనింగ్ చేయిస్తే లెక్క తప్పేది ఇక్కడే.

హైదరాబాద్‌లో సమస్య.. ఊగిసలాట

ఏప్రిల్ మధ్యాహ్నాల్లో హైదరాబాద్‌లో తేమ 30 శాతం, ఆ చుట్టుపక్కలకు పడిపోవడం మామూలే. అదే ఆగస్టులో 70 శాతం దాటుతుంది. కర్నూలు, అనంతపురం లాంటి చోట్ల కూడా వేసవిలో గాలి ఇంతే పొడిగా ఉంటుంది.

ఈ ఊగిసలాట వల్ల శ్రుతి తప్పడం ఒక్కటే నష్టం కాదు. తీగలను బిగించి పట్టుకునే ట్యూనింగ్ పిన్నులు పిన్‌బ్లాక్ అనే గట్టి చెక్క దిమ్మెలో దిగి ఉంటాయి. ఏటా ఆ దిమ్మె ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటే రంధ్రాలు వదులవుతాయి. పిన్ను పట్టు తప్పుతుంది. అప్పుడు ఎంత మంచి ట్యూనర్ వచ్చి బిగించినా వారం తిరగకుండానే శ్రుతి జారిపోతుంది. బాగా ఎండిపోతే సౌండ్‌బోర్డ్‌లో పగుళ్లు కూడా రావచ్చు. శ్రుతిని మళ్లీ సరిచేయొచ్చు. పిన్‌బ్లాక్ పోతే మాత్రం రిపేరు ఖర్చు కొన్నిసార్లు పియానో ధరనే దాటేస్తుంది.

విశాఖలో సమస్య.. తుప్పు, బిగుసుకుపోయే కీస్

సముద్రం పక్కన కథ వేరు. విశాఖపట్నంలో వేసవిలోనూ ఉక్కపోతే. ఏడాదిలో చాలా భాగం తేమ ఎక్కువగానే ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లోనూ అంతే. ఇక్కడ చెక్క ఎప్పుడూ కాస్త ఉబ్బే ఉంటుంది కాబట్టి శ్రుతి హైదరాబాద్‌లో కన్నా నిలకడగానే ఉండొచ్చు. కానీ వేరే ఇబ్బందులు మొదలవుతాయి.

మొదటిది తుప్పు. తీగలు ఉక్కువి. ఉప్పు గాలి తగిలితే తుప్పు పట్టి, ట్యూనింగ్ చేసేటప్పుడు తెగిపోయే ప్రమాదం ఉంటుంది. రెండోది కీస్ సమస్య. కీ కదిలే చోట చిన్న ఉన్ని బట్ట ముక్కలు ఉంటాయి. అవి తేమకు ఉబ్బి పిన్నును పట్టేస్తాయి. నొక్కిన కీ పైకి రాదు, లేదా బద్ధకంగా వస్తుంది. మూడోది సుత్తుల మీది ఫెల్ట్. తేమ పట్టిన ఫెల్ట్ మెత్తబడి స్వరం మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. దానికి తోడు బూజు, పురుగులు.

ఈ బాధ కొత్తది కాదు. బ్రిటిష్ కాలంలో భారత్ లాంటి వేడి దేశాలకు పంపే పియానోలను కొన్ని కంపెనీలు ప్రత్యేకంగా తయారు చేసేవి. తేమకు జిగురు వదిలేస్తుందని అతుకుల దగ్గర ఇత్తడి స్క్రూలు అదనంగా బిగించేవారు. పాత ఇళ్లలో, చర్చిల్లో ఉన్న పియానోల్లో అలాంటివి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

డప్పుకి ఒకలా.. పియానోకి మరోలా

వాతావరణంతో శ్రుతి మారడం మనకు తెలియని విషయం కాదు. డప్పు కొట్టే ముందు మంటకు కాచడం ఊళ్లలో చూస్తూనే ఉంటాం. తేమకు తోలు వదులైపోతుంది, వేడికి బిగుస్తుంది. మృదంగం కూడా వానాకాలంలో శ్రుతి దిగి కళాకారులను ఇబ్బంది పెడుతుంది. వీణలో మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి కాబట్టి దానికి ఎండ వేడి అంటే భయం.

ఇక్కడే తేడా గమనించాలి. తేమకు తోలు వాయిద్యం శ్రుతి దిగుతుంది, పియానో శ్రుతి పెరుగుతుంది. డప్పుని కాచినట్టు పియానోని ఎండలో పెడితే బాగవుతుందనుకుంటే అంతే సంగతులు! నేరుగా ఎండ తగిలితే పాలిష్ పోతుంది, అతుకులు విడిపోతాయి, చెక్క ఒక పక్కే ఎండి పగులుతుంది.

ఏసీ మంచిదా? కూలర్ మంచిదా?

ఏసీ గదిని చల్లబరచడంతో పాటు గాలిలోని నీటిని కూడా లాగేస్తుంది. బయట పైపులోంచి కారే నీళ్లు అవే. కాబట్టి తీర ప్రాంతాల్లో ఏసీ పియానోకి మేలే చేస్తుంది. చాలా ఏసీల్లో ఉండే డ్రై మోడ్ వానాకాలంలో బాగా పనికొస్తుంది.

అయితే రాత్రి 3 గంటలు ఏసీ వేసి, మిగతా రోజంతా కిటికీలు తెరిచి ఉంచితే? తేమ రోజూ కిందికీ పైకీ కొట్టుకుంటుంది. లోపలి చెక్క నెమ్మదిగా స్పందిస్తుంది కానీ తీగలు, పైనున్న ఫెల్ట్ వెంటనే మారతాయి. ఏసీ గాలి నేరుగా పియానో మీద పడటం కూడా మంచిది కాదు. ఏసీ వాడితే వీలైనంత ఒకే పద్ధతిలో వాడాలి. వాడకపోతే అసలే వాడకపోవడం నయం.

కరెంటు మీదే పూర్తిగా ఆధారపడటం కూడా ప్రమాదమే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను సమయంలో విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో పియానో మూత వేసి, పైన మందపాటి కాటన్ దుప్పటి కప్పి, కిటికీలు మూసి ఉంచితే తేమ లోపలికి వెళ్లే వేగం తగ్గుతుంది.

ఇక ఎయిర్ కూలర్. తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో వేసవి వచ్చిందంటే కూలర్ ఉండాల్సిందే. ఇది నీటి ఆవిరిని గదిలోకి విసురుతుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్న గదిలో కూలర్ వేస్తే కొద్ది గంటల్లోనే తేమ బాగా పెరిగిపోతుంది, ఆపేస్తే మళ్లీ పడిపోతుంది. పియానో ఉన్న గదిలో కూలర్ వద్దే వద్దు. తప్పదనుకుంటే పియానోని వేరే గదికి మార్చాలి.

ట్యూనింగ్ ఎప్పుడు చేయించాలి?

పియానో వాడకం ఎలా ఉన్నా ఏడాదికి కనీసం 2 సార్లు ట్యూనింగ్ చేయించాలన్నది సాధారణ సలహా. కొత్త పియానో అయితే తీగలు ఇంకా సాగుతూ ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది 3, 4 సార్లు అవసరం పడుతుంది. చిన్న పట్టణాలకు ట్యూనర్ వేరే నగరం నుంచి రావాలి. రానుపోను ఖర్చు కూడా మీదే. అందుకే సమయం చూసుకోవడం ముఖ్యం.

* హైదరాబాద్, తెలంగాణ, రాయలసీమ: ఒకటి ఆగస్టులో, మరొకటి జనవరి చివర లేదా ఫిబ్రవరిలో. వానలు మొదలైన వెంటనే కాకుండా, చెక్క కుదురుకోవడానికి కొన్ని వారాలు ఆగాలి.
* ఏడాదికి ఒక్కసారే వీలైతే: డిసెంబర్, జనవరి మధ్య. తేమ అటు మరీ ఎక్కువా, ఇటు మరీ తక్కువా కాని సమయం అది. ఏటా అదే నెలలో చేయిస్తే మార్పు తక్కువగా ఉంటుంది.
* కోస్తా: 6 నెలలకోసారి. అక్టోబర్, నవంబర్‌లో తుపాన్ల హడావుడి తగ్గాక చేయించడం మేలు.
* కచేరీ లేదా పరీక్ష ఉంటే: పియానో వాయించే గదిలోనే, అదే ఏసీ సెట్టింగ్‌లో కొన్ని గంటలు ఉంచాక ట్యూన్ చేయించాలి.
* ఇల్లు మారితే: కొత్త గదికి అలవాటు పడటానికి 2, 3 వారాలు వదిలేయాలి.

ఏళ్ల తరబడి ట్యూన్ చేయని పియానోని ఒకేసారి 440కి లాగితే నిలవదు. ఒక పక్క తీగలు బిగిస్తుంటే మరో పక్కవి దిగిపోతాయి. ముందు ఉజ్జాయింపుగా శ్రుతి పెంచి, తర్వాత అసలు ట్యూనింగ్ చేయాలి. ‘రెండుసార్లు రావాలి’ అని ట్యూనర్ చెబితే అది మోసం కాదు, పద్ధతే అది.

ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

* ముందుగా ఒక డిజిటల్ హైగ్రోమీటర్ కొనండి. తేమను కొలిచే ఈ చిన్న మీటర్ ధర తక్కువే. నెల రోజుల పాటు పొద్దున, సాయంత్రం అంకెలు రాసుకుంటే మీ గది సంగతి మీకే తెలుస్తుంది.
* వానకు తడిసి చెమ్మ దిగే గోడకు పియానోని ఆనించొద్దు. వెనక జానెడు ఖాళీ వదలండి.
* కిటికీ, వంటగది, బాత్రూం తలుపు పక్కన వద్దు.
* ఇల్లు కడిగేటప్పుడు నీళ్లు పియానో కిందికి వెళ్లకుండా చూసుకోండి. చక్రాల కింద గిన్నెల్లాంటి కప్పులు పెడితే మంచిది.
* పియానో మీద పూల కుండీలు, నీళ్ల గ్లాసులు పెట్టొద్దు.
* తీగలను చేత్తో ముట్టుకోవద్దు. చెమటలోని ఉప్పుకి తుప్పు పడుతుంది.
* కీ బిగుసుకుపోతే నూనె, స్ప్రేలు వేయొద్దు. నూనె చెక్కలోకి, ఫెల్ట్‌లోకి ఇంకితే తీయడం చాలా కష్టం. పిన్‌బ్లాక్‌లోకి పోతే పిన్నులు జారిపోతాయి.
* ఉప్పు గిన్నెలు లోపల పెట్టొద్దు. చిన్న సిలికా జెల్ ప్యాకెట్లు త్వరగా నిండిపోతాయి, వాటినే నమ్ముకోవద్దు.
* రోజూ వాయించండి. వాడకుండా మూసి ఉంచిన పియానోలోనే పురుగులు, ఎలుకలు చేరతాయి.

కొందరు పియానో లోపల మామూలు బల్బు వెలిగించి ఉంచుతారు. వేడికి తేమ తగ్గే మాట నిజమే. కానీ ఎండిన చెక్క, ఉన్ని మధ్య బల్బు అంటే అగ్ని ప్రమాదాన్ని పిలిచినట్టే. దీని కోసమే తయారైన వేడి రాడ్లు దొరుకుతాయి. తేమను బట్టి తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యే హ్యుమిడిస్టాట్‌తో కలిపి, టెక్నీషియన్ చేత బిగించుకోవాలి. హ్యుమిడిస్టాట్ లేకుండా హైదరాబాద్ వేసవిలో రాడ్ వేసి వదిలేస్తే అసలే పొడిగా ఉన్న చెక్క ఇంకా ఎండిపోతుంది.

పాత పియానో అమ్మేసే ముందు..

‘కీస్ పడట్లేదు, స్వరం రావట్లేదు’ అంటూ పాత పియానోలను తక్కువ ధరకు వదిలించుకునే వాళ్లున్నారు. అయితే కీస్ బిగుసుకోవడం, స్వరం మొద్దుబారడం చాలాసార్లు తేమ లక్షణాలే. గదిలో తేమను 2, 3 వారాలు 50 శాతం దగ్గర ఉంచితే సగం కీస్ వాటంతట అవే కదలొచ్చు. ఆ తర్వాతే టెక్నీషియన్‌కి చూపించి నిర్ణయం తీసుకోవడం మంచిది.

కొనేవాళ్లకైతే ఉల్టా జాగ్రత్త. శ్రుతి తప్పి ఉండటం పెద్ద లోపం కాదు. పిన్నులు వదులుగా ఉన్నాయా, తీగలకు తుప్పు ఎంత, సౌండ్‌బోర్డ్, బ్రిడ్జ్‌లో పగుళ్లున్నాయా.. ఇవి చూడాలి. పైన పాలిష్ మెరుస్తోందని డబ్బులిచ్చేయొద్దు.

తరచూ అడిగే ప్రశ్నలు

డిజిటల్ పియానోకి కూడా ఈ సమస్య ఉంటుందా?
శ్రుతి తప్పదు. అందులో తీగలు లేవు. కానీ తేమ, ఉప్పు గాలికి లోపలి కాంటాక్టులు, సర్క్యూట్లు దెబ్బతినొచ్చు. వాడనప్పుడు కప్పి ఉంచాలి.

శ్రుతి తప్పిన పియానో మీద పిల్లలు నేర్చుకుంటే నష్టమా?
నష్టమే. రోజూ విన్నదే చెవికి సరైనదిగా అలవాటవుతుంది. తర్వాత పాడేటప్పుడు, వేరే వాయిద్యంతో కలిసి వాయించేటప్పుడు ఇబ్బంది పడతారు.

ఫోన్ యాప్‌తో సొంతంగా ట్యూన్ చేసుకోవచ్చా?
శ్రుతి ఎంత తప్పిందో చూసుకోవడానికి యాప్ పనికొస్తుంది. పిన్నులు తిప్పడం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ల పని. తప్పుగా తిప్పితే తీగ తెగుతుంది, పిన్ను వదులవుతుంది.

వేడి ముఖ్యమా, తేమ ముఖ్యమా?
రెండూ ఉన్నాయి కానీ తేమదే పెద్ద పాత్ర. స్టేజి లైట్ల వేడికి తీగలు వెంటనే కాస్త సాగి శ్రుతి దిగుతుంది. లైట్లు ఆపాక చాలావరకు వెనక్కి వస్తుంది. తేమ వల్ల వచ్చే మార్పు నెమ్మదిగా వస్తుంది, నెలల పాటు ఉంటుంది.

చివరిగా.. పియానోకి 45 శాతమే ఉండాలి, 50 శాతమే ఉండాలి అని టెన్షన్ పడక్కర్లేదు. మీ ఊళ్లో 65 శాతం ఏడాదంతా నిలకడగా ఉన్నా, ఒక నెల 30, మరో నెల 80 ఉండే గది కన్నా అదే నయం. ఈసారి శ్రుతి తప్పిందనిపిస్తే ట్యూనర్‌కి ఫోన్ చేసే ముందు ఒక్కసారి హైగ్రోమీటర్ వైపు చూడండి. ఎప్పుడు రమ్మనాలో అదే చెబుతుంది.